కట్ట వెనక వైపు

నా కేక్ ట్రే కనపడలేదు.
ఓవెన్ కింది అరలో లేదు, ఆరబెట్టే చోటా లేదు.
చివరికి భోజనాల బల్ల మీద దొరికింది,
నిండా బంకమట్టితో.

"వచ్చే శుక్రవారం కల్లా సముద్రాన్ని ఆపాలి,"
అన్నాడు యోరిస్. వాడికి తొమ్మిదేళ్ళు.
బడిలో అందరికీ ఒకటే పరీక్ష:
కరకట్ట కట్టు, నీళ్ళు పొయ్యి,
అగ్గిపెట్టెల ఊరు తడవకపోతే పదికి పది.

మా అమ్మ క్రీనా స్వెట్టర్ చేతులు పైకి మడుచుకుంది.
సముద్రం మాటెత్తని మనిషి.
మా జేలండ్‌లో ఏ గుమ్మం నుంచైనా
పావుగంట సైకిలు తొక్కితే అలలే.
ఆమె మాత్రం బ్రెడ్డు తేవడానికైనా
పొలాల వైపు చుట్టుదారి పడుతుంది.

వాడు ముందు వైపు ముద్దుగా మెత్తాడు.
చెంచా వీపుతో నున్నగా రుద్దాడు,
ఒక్కొక్క గులకరాయీ పొదిగాడు.
మొక్కల డబ్బాతో నీళ్ళు పోస్తే
చుక్క దాటలేదు.
"చూశావా అమ్మమ్మా!"

"ఇలా కాదు," అంది.
డబ్బా అందుకుని కట్ట నడినెత్తిన పోసింది,
సన్నగా, తొందర లేకుండా,
చంటిబిడ్డకి తలంటు పోసినట్టు.

నీళ్ళు అటు జారాయి, ఊరి వైపు.
వెనక వాలు ముందు మెరిసింది.
తర్వాత ఒక గీత.
గీత గాడి అయింది,
గాడిలోంచి మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలి
అగ్గిపెట్టెల్ని తోసుకుంటూ పోయింది.
ముందు గోడ మాత్రం
గులకరాళ్ళు పెట్టుకుని
చివరి నిమిషం దాకా అందంగానే ఉంది.

"వెనకనుంచి తెగుతుంది."
"నీకెలా తెలుసు?"

నేను గిన్నెలు తోముతున్నాను.
కొళాయి కట్టేశాను.

"నాకు ఏడేళ్ళప్పుడు. ఫిబ్రవరి.
ముందు కుక్క మొరగడం మానేసింది."

ఇక చెప్పలేదు.
లేచి బొత్తాల డబ్బా తెచ్చింది.
కొత్త అగ్గిపెట్టె నిలబెట్టి, దాని కప్పు మీద
నాలుగు బొత్తాలు వరసగా పెట్టింది.
"మీరు నలుగురా?"
"దిగినప్పుడు."

పిల్లలు లెక్కలు వదలరు.
"మరి ఎక్కినప్పుడు?"

ఆమె జవాబు కోసం చూడకుండా వాడే
డబ్బాలో వేళ్ళు పెట్టి గలగలా కెలికి
ఒక నీలం బొత్తాం తీశాడు,
చిన్న చొక్కా కాలరుది.
అయిదోదిగా పెట్టాడు.
"దీని పేరు?"
"కోబుస్," అంది మా అమ్మ.

నలభై ఆరేళ్ళు వచ్చాక
నాకో మేనమామ ఉండేవాడని తెలిసింది,
పాలపన్నంత.
చేతుల మీద సబ్బు నురగ ఎండిపోయేదాకా
అలాగే నిలబడ్డాను.

"అయితే దేనితో ఆపాలి?" వాడి గొడవ వాడిది.
"వేళ్ళతో."
పది వేళ్ళూ చాచి చూసుకున్నాడు,
చాలవేమో అన్నట్టు.
"అవి కాదురా. గడ్డి వేళ్ళు."

మట్టి మళ్ళీ కలిపారు.
వెనక వాలు మీద దూది పరిచి
గుప్పెడు ఆవాలు చల్లారు.
ఆరు రోజులు నా వంటిల్లు వాళ్ళది.
నేను కూర తరగడానికి
ఒళ్ళో పలక పెట్టుకోవాల్సి వచ్చింది.
పొద్దున్నే లేచి చూస్తే ఇద్దరూ పైజమాల్లోనే,
ట్రే మీదికి వంగి,
ముసలి ముక్కూ పిల్ల ముక్కూ
మొలకలకి ఆనుతూ.

పదికి ఏడు వచ్చింది.
టీచరమ్మ ఎర్రసిరాతో:
"ఒక మూల కారింది. మొలకల ఆలోచన బాగుంది.
బొత్తాలు దేనికి?"
కింద పెన్సిలుతో వంకర అక్షరాల్లో వాడు:
"అవి తడవకూడదు."

ట్రే ఇంటికొచ్చిన సాయంత్రం
అమ్మ కత్తెర తీసి కట్ట మీది మొలకలు కోసింది.
వెన్న రాసిన బ్రెడ్డు మీద చల్లి తలో ముక్కా ఇచ్చింది.
"కట్టల మీద గొర్రెల్ని మేపుతారు.
ఇవాళ్టికి ఆ పని మనదే."
వాడు మే మే అంటూ తిన్నాడు.

నీలం బొత్తాం డబ్బాలో లేదు.
నేను అడగలేదు.

ట్రే ఎంత గీకినా
ఒక మూల మట్టి వదల్లేదు.
ఆదివారం కేకులో ఆ మూల ముక్క
పంటికింద కరకరలాడింది.
అది అమ్మ వాటాకే వచ్చింది.
మొత్తం తింది.